గుండ్రంలో నిలబెట్టిన బీడీ

కరోనా మూసివేత తర్వాత అంగన్‌వాడీ కేంద్రాలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను మద్నూర్ నుంచి బాన్సువాడ సెక్టారుకు బదిలీ చేశారు. హోదాలో మార్పేమీ లేదు. అక్కడా సూపర్‌వైజరునే, ఇక్కడా సూపర్‌వైజరునే. ఈ ఉద్యోగం ఏమిటో బయటివాళ్లకు ఎప్పుడూ సరిగా తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మా ఆడబిడ్డ నన్ను "కోడిగుడ్ల ఆఫీసరు" అని పరిచయం చేసి నవ్వేది. ఆమెను సరిదిద్దడం నేను ఎప్పుడో మానేశాను, ఎందుకంటే అందులో సగం నిజమే. ఒక్కో కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. అలాంటి కేంద్రాలు పాతిక దాకా కలిపితే ఒక సెక్టారు. దానికి సూపర్‌వైజరు, సూపర్‌వైజరు మీద ప్రాజెక్టు అధికారి, అంటే సీడీపీఓ. గుడ్లు, పాలు, పిల్లల బరువులు, గర్భిణుల వివరాలు, టీకాలు అన్నీ చూసుకున్నాక మిగిలిన కాస్త సమయంలో చదువు. నాకు మాత్రం ఆ చదువే ఇష్టం. మూడేళ్ల పిల్ల ఎర్ర పూసను ఎర్ర పూసల్లో వేసి తలెత్తి చూసే చూపు కోసం ఎన్ని రికార్డులైనా రాయొచ్చు అనుకునేదాన్ని.

నేను చెప్పబోయే కేంద్రం బాన్సువాడలో బీడీలు చేసేవాళ్ల వాడకట్టులో ఉండేది. కిరాయి గది, ముందు రేకుల వసారా, వసారా అంచున మురికి కాలువ. నిజాంసాగర్ నీళ్లు పొలాలకు ఎంత క్రమంగా అందేవో తెలియదు కానీ, వాన పడితే ఆ మురికి నీళ్లు మాత్రం తప్పకుండా మా గడప దాకా వచ్చేవి. గదిలో అడుగు పెట్టగానే తంబాకు వాసన. కేంద్రంలో ఎవరూ బీడీలు చేయరు. ఆ వాసన పిల్లల బట్టల్లో, జుట్టులో ఉండి వాళ్లతో పాటే వచ్చేది. మొదటి రోజు నాకు తలనొప్పి పట్టుకుంది. నెల తిరిగేసరికి వాసన తెలియకుండా పోయింది. అలా అలవాటు పడిపోవడం నాకు నచ్చలేదు.

టీచరు పేరు అనసూయ. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తనిది. ఆమె ఆ వాడకట్టులోనే పుట్టి పెరిగింది, టీచరు ఉద్యోగం వచ్చేదాకా బీడీలు చేసింది. ఇప్పటికీ నేల మీద కూర్చుంటే ఒక మోకాలు పైకి లేపి, ఒళ్లో చాట ఉన్నట్టే కూర్చునేది. నేను తనిఖీకి వెళ్తే రిజిస్టర్లు తీయకముందే చాయ్ పోసేది. "ముందుగాల చాయ్ తాగుండ్రి మేడం, తిట్టుడు యాడికి పోతది" అనేది. తిట్టడానికి ఆమె దగ్గర నాకు పెద్దగా ఏమీ దొరికేది కాదు. పిల్లలకు పేరు పేరునా అన్నం కలిపి పెట్టే ఆమెలాంటి టీచర్లు నా సెక్టారులో తక్కువ.

ఆ నెల పాఠం ఆకారాలు. ఇంట్లో ఉండే వస్తువులను ఆకారాన్ని బట్టి వేరు చేసి పెట్టడం. పెద్దవాళ్లకు ఇందులో నేర్చుకునేది ఏముంది అనిపిస్తుంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు ఇది కొండంత పని. వాళ్ల ముందు ఓ గంపెడు వస్తువులు పోసి "ఒక్క తీరు ఉన్నవి ఒక్క దగ్గర పెట్టు" అంటే ముందు ఆకారం వంక చూడనే చూడరు. అమ్మవి ఒక దగ్గర, నాయినవి ఒక దగ్గర పెడతారు. కొన్నాళ్లకు తినేవి, తిననివి అని విడదీస్తారు. తర్వాత రంగు తెలుస్తుంది. ఆకారం ఆఖరున వస్తుంది, ఎందుకంటే ఆ వస్తువు ఎవరిది, దేనికి వాడతారు అన్న సంగతులన్నీ పక్కన పెట్టి దాని అంచును మాత్రమే చూడాలి. అలా పక్కన పెట్టగలగడమే బడి చదువుకు మొదటి మెట్టు అని మాకు శిక్షణలో చెప్పేవారు.

అందులో ఇంకో చిక్కు ఉంది. కాగితం మీద గీసిన గుండ్రం ఎటు చూసినా గుండ్రమే. ఇంట్లో గ్లాసు అలా కాదు. పై నుంచి చూస్తే గుండ్రం, పక్క నుంచి చూస్తే పొడుగు. పిల్లలు తమ చేయి ఏ వైపు పడుతుందో, కన్ను ఏ వైపు నిలుస్తుందో ఆ వైపే చెబుతారు. మద్నూర్‌లో మిగతా పిల్లలందరూ గ్లాసును పొడుగు గడిలో పెడితే, లారీలు ఆగే చోట చాయ్ హోటలు నడిపేవాళ్ల పిల్లవాడు మాత్రం "గోల్, గోల్" అంటూ గుండ్రం గడిలో పెట్టేవాడు. కడిగి బోర్లించిన గ్లాసులను పై నుంచి చూస్తూ పెరిగాడు వాడు. వాడిది తప్పెలా అవుతుంది? అందుకే వేరే గడిలో పెట్టిన పిల్లను వెంటనే దిద్దవద్దు, ఎందుకని అడగండి అని నేను టీచర్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. విన్నవాళ్లు తక్కువ. గుడ్ల లెక్క తేలడమే కష్టమైనప్పుడు ఈ ఎందుకులు ఎవరికి కావాలి?

నెలకోసారి తల్లుల సమావేశం ఉంటుంది. పిల్లలు నేర్చుకున్నది ఆ రోజు తల్లుల ముందు చేసి చూపాలి. అనసూయ సుద్దముక్కతో నేల మీద నాలుగు పెద్ద గళ్లు గీసింది. ఒకదాంట్లో గుండ్రం, ఒకదాంట్లో నలుచదరం, ఒకదాంట్లో మూడు మూలలు, ఒకదాంట్లో పొడుగు గీత. ఇంటి నుంచి ఏదో ఒక వస్తువు తెచ్చుకోమని ముందు రోజే చెప్పింది. గాజులు, గిన్నె మూతలు, అగ్గిపెట్టెలు, సబ్బు బిళ్లలు, దువ్వెనలు వచ్చాయి. మూడు మూలల వస్తువు ఇళ్లలో అంత తేలిగ్గా దొరకదు. ఒక పిల్లవాడు సమోసా తెచ్చాడు. తన వంతు వచ్చేసరికి ఒక మూల తినేశాడు. "ఇప్పుడు ఎన్ని మూలలురా" అని అనసూయ అడిగితే మిగిలింది కూడా నోట్లో పెట్టేసుకుని సమస్య తీర్చేశాడు. తల్లులు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత అక్షిత లేచింది. నాలుగేళ్లు నిండిన పిల్ల. సన్నగా ఉండేది, బరువు చార్టులో ఎప్పుడూ తక్కువ బరువును చూపే పసుపు పట్టీ దాటి పైకి వచ్చేది కాదు. దగ్గు వదిలేది కాదు. గుప్పిట్లో మూసి తెచ్చిన వస్తువును తిన్నగా గుండ్రం గడిలోకి తీసుకువెళ్లి దించింది. అది ఒక బీడీ.

"తాత జేబుల కెల్లి తెచ్చిందా ఏంది" అని ఎవరో అన్నారు. గదిలో మళ్లీ నవ్వులు. పిల్ల పట్టించుకోలేదు. బీడీని నిలబెట్టబోయింది, పడిపోయింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ పడింది. నాలుక బయట పెట్టి, ఊపిరి బిగబట్టి ఇంకోసారి నిలబెట్టింది. నిలబడింది. అప్పుడు చేయి తీసి మా వంక చూసింది.

అనసూయ గబుక్కున వంగి, "పొడుగు గదనే, పొడుగుల పెట్టు" అంటూ దాన్ని తీయబోయింది. నేను ఆపాను. ఎందుకు గుండ్రమో చెప్పమని పిల్లను అడిగాను.

"గిది మూతి" అంది అక్షిత, బీడీ పై కొసను వేలితో చూపిస్తూ. "గుండ్రంగ ఉంటది. నేను మూస్త."

చెప్పి ఊరుకోలేదు. బీడీ చేతిలోకి తీసుకుని, ఆకు అంచును బొటనవేలి గోరుతో చుట్టూ లోపలికి ముడిచి, ఒత్తి, మళ్లీ అదే చోట నిలబెట్టింది. రెప్పపాటులో అయిపోయింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. తునికాకును తడిపి, కొలత రేకు పెట్టి, కత్తెరతో కత్తిరిస్తారు. అందులో తంబాకు పోసి చుట్టి దారం కడతారు. లోపలి తంబాకు రాలిపోకుండా కొసన ఆకు అంచును లోపలికి ముడవాలి. దాన్నే మూతి మూయడం అంటారు. చుట్టడానికి పెద్ద చేయి కావాలి. మూతి మూయడానికి చిన్న వేళ్లు చాలు, అసలు చిన్న వేళ్లే నయం. చుట్టేవాళ్లకు బీడీ పొడుగైన వస్తువు. గుప్పెడు బీడీలను నిలువుగా ముందు పెట్టి మూతులు మూయమంటే, కూర్చున్నవాళ్లకు కనిపించేవి గుండ్రాలే. ఆ పిల్ల రోజూ చూసేదే గడిలో పెట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. ఇళ్లలో పిల్లలు మూతులు మూస్తారన్న సంగతి ఆ గదిలో పెద్దవాళ్లలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న అక్షిత తల్లి లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

సమావేశం అయ్యాక అనసూయ చాయ్ పోయలేదు. నా పక్కన వచ్చి కూర్చుని, "రాయకుండ్రి మేడం" అంది. "గీ వాడకట్టుల పిల్లలు గిట్లనే పెరుగుతరు. నేను గట్లనే పెరిగిన. నాకేమైంది?"

ఆమె కుడి బొటనవేలికి గోరు సగమే ఉండేది.

రూలు తెలిసిందే. పిల్లలు బీడీ పనిలో ఉండకూడదు, సొంత ఇంట్లోనైనా సరే. మా దృష్టికి వస్తే సీడీపీఓకు తెలియజేయాలి. అక్కడి నుంచి అది పిల్లల రక్షణ చూసే అధికారికి పోతుంది. రూలు గురించి అనసూయతో వాదించడం నాకు ఇష్టం లేకపోయింది. ముందు పిల్ల దగ్గు సంగతి చూద్దామన్నాను.

మర్నాడు లావణ్యను, అక్షితను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. పిల్లల డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మందు రాసి, తంబాకు ధూళిలో కూర్చోబెడితే మాత్రం ఈ మందు పని చేయదన్నాడు. ఇట్లాగే సాగితే దగ్గు ఆయాసంలోకి దిగుతుందని, ఒకసారి దిగాక అది పిల్లను వదలదని చెప్పాడు. లావణ్య అన్నిటికీ తలూపింది. బయటికి వచ్చి ఆటో ఎక్కుతూ మాత్రం, "దూరం ఉంచుమన్నడు. యాడ ఉంచాలె మేడం? ఉన్నదే ఒక్క అర్ర" అంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త మద్నూర్ మీదుగా మహారాష్ట్ర పోయే లారీల మీద క్లీనరు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆమెకే తెలియదు. లావణ్య వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అక్షిత కనిపించలేదు. నేను వస్తున్నానని ఎవరో చెప్పి ఉంటారు, పక్కింటికి పంపేశారు. చాటకు ఎదురుగా చిన్న పీట మాత్రం అలాగే ఉంది.

నేను అడగకుండానే ఆమె చేయి చాపింది. బొటనవేలు, చూపుడువేలు పగిలి, పగుళ్లలో తంబాకు నల్లగా దిగి ఉంది. బొటనవేలికి గుడ్డ పేలిక చుట్టుకుంది.

"చుట్టుడు ఎట్లనో అయితది. మూతి ఒత్తంగనే పాణం పోతది. దాని వేళ్లు మెత్తగుంటయి మేడం. దానికి ఆట లెక్క. పొద్దంత మీ తాన్నే ఉంటది, పొద్దూకినంక జరసేపు. నేనేం దాన్ని కొట్టి చేపిస్తలేను."

కొట్టి చేయిస్తున్నావని నేను అనలేదన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, చుట్టడం కూడా ఆపలేదు.

"పేరు కాయితం మీద ఎక్కితె టేకేదారు ఆకు బంద్ చేస్తడు. కార్డు పోతది. గప్పుడు దూరం ఉంచుడు కాదు, దాని నోట్లకు ఏం పెట్టాలె, చెప్పుండ్రి."

టేకేదారు అంటే కంపెనీ తరఫున ఇళ్లకు ఆకు, తంబాకు ఇచ్చి, చేసిన బీడీలు తీసుకుపోయే మనిషి. కార్డు అంటే కంపెనీ కార్మికురాలన్న గుర్తింపు. అది ఉంటేనే పీఎఫ్, ముసలితనంలో పింఛను. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియలేదు. వచ్చేటప్పుడు ఆ చిన్న పీటను కాలితో గోడ వైపు జరిపి వచ్చాను, అదేదో పెద్ద పని చేసినట్టు.

రెండు మూడు రోజులు ఆలోచిస్తే ఒక దారి కనిపించింది. పని చేసే తల్లుల పిల్లల కోసం కేంద్రాన్ని సాయంత్రం కూడా నడుపుతామని ప్రతిపాదన పంపుకునే వీలుంది. గది ఉండనే ఉంది. ఒక ఆయా, కాస్త రాత్రి తిండి మంజూరైతే, తల్లులు చాట పక్కన పెట్టేదాకా పిల్లలు ఆ ధూళికి దూరంగా ఉంటారు. వేళ్లు కూడా వాటంతట అవే ఖాళీగా ఉంటాయి. ఎవరి పేరూ రాయకుండా, ఈ వాడకట్టులో పిల్లలు తంబాకు ధూళిలో కూర్చుంటున్నారని, కొందరు మూతులు మూసే పనిలో ఉన్నారని, బీడీని ఆ పిల్లలు ఏ ఆకారంగా చూస్తున్నారో కూడా వివరించి సీడీపీఓ మేడంకు రాశాను. ఆమె చదివి, పేర్లు లేకుండా ఎవరు నమ్ముతారని అడిగింది. పేర్లు ఇవ్వనని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, సరే, పైకి పంపుతానంది. జవాబుగా వచ్చిన కబురు ఏమిటంటే, ఒక అధికారి వచ్చే సమావేశానికి స్వయంగా వచ్చి పిల్లలను చూస్తారు. అవసరం ఉందని ఆయనకు అనిపిస్తే సాయంత్రపు కేంద్రం వస్తుంది. లేదంటే లేదు.

తల్లులను పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పేర్లు రాసుకోరు, కార్డుల జోలికి రారు, పిల్లలను చూసిపోతారు, అంతే. వాళ్లు విన్నారు. లావణ్య ఒక్కతే నోరు తెరిచింది. "రాత్రి తిండి గూడ పెడ్తరా?" అని అడిగింది. పెట్టించే ప్రయత్నం చేస్తున్నామన్నాను. "గట్లయితే మంచిగనే ఉంటది" అంది. ఆ మాట పట్టుకుని నేను నెలంతా ధైర్యంగా ఉన్నాను.

అధికారి చెప్పిన రోజు చెప్పిన సమయానికే వచ్చారు. నెమ్మదైన మనిషి. కుర్చీ వద్దని పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. అనసూయ మళ్లీ నాలుగు గళ్లు గీసింది. ఈసారి వస్తువులు ఇంటి నుంచి రాలేదు, మేమే బుట్టలో పెట్టాం. గాజు, అగ్గిపెట్టె, హ్యాంగరు, దువ్వెన. వాటితో పాటు నేను ఒక బీడీ కూడా వేశాను.

మొదట లేచిన పిల్ల బీడీని పొడుగు గడిలో పెట్టింది. రెండో పిల్లవాడు పొడుగులోనే పెట్టాడు. నెల కింద సమోసా తినేసినవాడు కూడా తడుముకోకుండా పొడుగులో పెట్టి, "పొడుగు" అని గట్టిగా చెప్పి వచ్చి కూర్చున్నాడు. హ్యాంగరును ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడిన పిల్లలు కూడా బీడీ దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ ఆగలేదు. అంతమంది పిల్లలకు ఒకే వస్తువు అంత చక్కగా రావడం నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు. ఇళ్లలో చెప్పి పంపారని అప్పటికి నాకు అర్థమైంది.

అక్షిత వంతు వచ్చింది. బీడీ తీసుకుంది. చేయి గుండ్రం గడి దాకా పోయింది. దారం కట్టిన కొస కిందికి, మూతి పైకి పట్టుకుంది కూడా. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి తల్లి వంక చూసింది. లావణ్య గోడ మీద అక్షరాల చార్టు చూస్తోంది. పిల్ల చేయి వెనక్కి తీసుకుని, పక్కకు జరిగి, బీడీని పొడుగు గడిలో పడుకోబెట్టింది. దొర్లిపోకుండా దాని మీద అరచేయి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"పొడుగు" అంది. అడగకముందే అంది.

తల్లులు చప్పట్లు కొట్టారు. అధికారి మెచ్చుకుని, ఇంట్లో అమ్మకు పనిలో సాయం చేస్తావా అని నవ్వుతూ అడిగారు. "లేదు సార్, ఆడుకుంట" అంది. అంతకుముందు ఆయన అడిగిన పిల్లలందరూ అవే మాటలు, అదే వరుసలో చెప్పారు.

తర్వాత మట్టితో ఆట. తడి బంకమట్టి ఇస్తే పిల్లలు ఉండలు, పాములు చేస్తారు. చేతివేళ్ల పట్టు ఎలా ఉందో చూడడానికి అది పెడతాం. అక్షిత మట్టిని రెండు అరచేతుల మధ్య సన్నగా చుట్టి, చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క కొసను బొటనవేలి గోరుతో లోపలికి ముడిచి ఒత్తింది. వరుసగా పేర్చింది. అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. మట్టి గురించి ఎవరూ ఆమెకు ఏమీ చెప్పి పంపలేదు కాబట్టి తల తిప్పి తల్లిని చూడలేదు. అధికారి వంగి చూసి, ఈ వయసులో ఇంత వేలి నైపుణ్యం అరుదు, టీచరు కష్టం కనిపిస్తోంది అన్నారు. అనసూయ చేతులు జోడించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వాటిని సంతోషం అనుకున్నారు.

ఆయనను నేను బయటిదాకా సాగనంపుతూ ఆ మట్టి ముక్కల సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. పిల్లలు తమ నోటితో చెప్పినదానికి, తను కళ్లారా చూసినదానికి వ్యతిరేకంగా తాను ఎలా రాయగలనని అడిగారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. సాయంత్రపు కేంద్రం అవసరం కనిపించలేదని, ఆకారాల బోధనలో మాత్రం కేంద్రం చక్కని ఫలితాలు చూపిందని.

ఏం జరిగిందో అనసూయ తర్వాత చెప్పింది. ఎవరో ఆఫీసరు వస్తున్నాడని టేకేదారుకు తెలిసింది. ఏ ఇంటి పిల్ల నోట బీడీ మాట వస్తుందో ఆ ఇంటికి మర్నాటి నుంచి ఆకు లేదని వాడకట్టంతా చెప్పించాడు. ఇక ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో పాఠం మొదలైంది.

"చాట ముంగట కూసుండవెట్టి అడుగుడే మేడం. గిదేంది? పొడుగు. ఏం చేస్తవు? ఆడుకుంట. మూతులు మూసుకుంటనే చెప్పిండ్రు పిల్లలు."

"నీకు ముందే తెలుసా" అన్నాను.

"ఎర్కనే. మీకు ఎట్ల చెప్పాలె? మా అక్క కూడా గా టేకేదారు తాన్నే చేస్తది."

నాకు ఆమె మీద కోపం రావలసినంత వచ్చింది. చాలా రోజులు ఆ కేంద్రంలో చాయ్ తాగలేదు. ఆమె మాత్రం వెళ్లిన ప్రతిసారీ పోసి ముందు పెట్టేది, చల్లారాక పారబోసేది. లావణ్య నాకు ఎదురుపడకుండా తిరిగింది. అయితే ఒక మార్పు నేను గమనించాను. పొద్దున కేంద్రం తలుపు తీయకముందే అక్షిత వచ్చి వసారాలో కూర్చుని ఉండేది. లేవగానే మొహం కడిగి తల్లే అక్కడ దింపి పోతోందని ఆయా చెప్పింది. ఆమెకు చేతనైన దూరం అంతే.

ఒక వాన రోజు నేను పోయేసరికి పిల్ల ఒక్కతే వసారాలో ఉంది. దగ్గుతోంది. మెట్టు మీద ఎవరో కాల్చకుండానే పారేసిన బీడీ ఒకటి తడిసి పడి ఉంది. నేను పక్కన కూర్చుని, దాన్ని చూపించి, ఇదేం ఆకారం బిడ్డా అని మెల్లగా అడిగాను.

అక్షిత ముందు వీధి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఎవలన్న అడిగితె పొడుగు అని చెప్పాలె" అంది.

"ఎవ్వలు అడగకపోతె?"

"గుండ్రం" అంది.

ఆ పై వేసవి తర్వాత ఆ పిల్ల బడిలో చేరింది. అప్పటికే ఆయాసానికి పీల్చే మందు వాడుతోంది. నేను మరి కొన్నాళ్లు అదే సెక్టారులో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. చిన్న పిల్లలకు ఆకారాలు నేర్పడం కష్టం కాదు, కాస్త ఓపిక ఉంటే చాలు. పిల్ల వేరే గడిలో పెట్టినప్పుడు ఎందుకని అడగడమూ కష్టం కాదు. ఆ జవాబు ఖరీదు ఇంటివాళ్లు కట్టవలసి వచ్చే చోట మాత్రం, పిల్ల మనకంటే ముందు ఇంట్లోనే పాఠం నేర్చుకుని వస్తుంది, తడుముకోకుండా అప్పజెబుతుంది. పిల్లల ప్రగతి రాసే మన కార్డులో దానికి మంచి మార్కులే పడతాయి. ఆ సమావేశం తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ వాడకట్టుకు పోయినప్పుడల్లా వస్తువుల బుట్టలో ఒక బీడీ వేసి చూసేదాన్ని. ఒక్క పిల్ల కూడా దాన్ని మళ్లీ గుండ్రంలో పెట్టలేదు.